కీర్తన మధ్యలో వచ్చిన మెసేజ్

బాపూ, వందనాలు. ఇక్కడ మేమందరం క్షేమం. ఇది ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే ఈ కార్డు.

బుధవారం మా పక్కింటి ఎస్తేరమ్మ ఇంట్లో ప్రార్థన జరిగింది. కీర్తన చదవమని నాకు చెప్పారు. ఫోన్‌లో చూసి గడగడా చదువుతున్నాను, మనసు మాత్రం ఇంట్లో పొయ్యి మీద పెట్టిన పప్పు మీదే ఉంది. ఇంతలో సంఘం గ్రూపు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. అదే రాగంతో దాన్నీ చదివేశాను: "సుందర్ ఎల్లారెడ్డికి పోయే తొవ్వల బండి మీదికెల్లి పడ్డడు. మస్తు దెబ్బలు తగిలినయ్. వాళ్లమ్మకు ఇప్పుడే చెప్పకుండ్రి."

వాళ్లమ్మ ఎస్తేరమ్మే. నా ఎదురుగానే కూర్చుంది. "ఏం సదివినవ్ బిడ్డా?" అంది. నేనేం చదివానో అప్పుడు గానీ నాకు తెలియలేదు బాపూ.

సుందర్ బతికాడు, కాలు విరిగింది. నిన్న కామారెడ్డి ఆసుపత్రికి చూడటానికి వెళ్తే ఎస్తేరమ్మ నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆ కీర్తన సగంలనే ఆగింది గదా. ఇప్పుడు నిమ్మలంగ సదువు, నా కొడుకు ఇంటడు" అంటూ తన బైబిల్ నా చేతిలో పెట్టింది. ఒక్కో మాటా చూసుకుంటూ చదివాను. చాలా ఏళ్లుగా చదువుతున్న కీర్తనే, మొదటిసారి విన్నట్టుంది.

పెట్టెలో ఉన్న నా పాత బైబిల్ ఎవరైనా ఇటు వస్తే పంపించు. చేలో మక్కలు కోశారా? అవ్వ మోకాళ్లు ఎలా ఉన్నాయి? సుందర్ కోసం మీరిద్దరూ ప్రార్థన చేయండి. పొద్దున్నే నేను ఫోన్ ఎత్తకపోతే గాబరాపడకండి, బైబిల్ చదువుకుంటున్నాననుకోండి.

నీ బిడ్డ
సుధారాణి