దూడ నడక

1963 ఫిబ్రవరి 3, ఆదివారం

దూడ మళ్లీ జారింది. కిటికీ అద్దానికి కాగితం మీద కాగితం ఆనించి, ఒక్కో బొమ్మలో కాలు కొంచెం కొంచెం జరుపుతూ గీశాను. కట్ట పట్టుకుని బొటనవేలితో జరజరా విడిచి చూస్తే కాళ్లు కదులుతున్నాయి కానీ, దూడను ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టుంది. హుజూర్‌నగర్ బడిలో డ్రాయింగ్ మాస్టర్ని. జామకాయ కళ్లు మూసుకుని గీస్తాను. నాలుగు కాళ్లు నా వల్ల కావడం లేదు.

నా దోస్తు అమరేందర్ హైదరాబాద్‌లో కార్టూన్ ఫిల్ములు తీసే ఆఫీసులో ఉన్నాడు. పశువుల టీకాల మీద ఫిల్ము తీస్తారట. దూడను మంచిగ నడిపియ్యి పరమేశ్వర్, నౌకరీ సంగతి నేను జూస్త అన్నాడు. మా బాపు పోవడంతోనే ఇంట్లో మగ్గం పోయింది. ఈ నౌకరీ కూడా పోతే జామకాయలతోనే ముసలివాణ్ణవుతాను.

ఫిబ్రవరి 6

పక్కింటి గండయ్య దూడ వెనకాల కాగితం పట్టుకుని తిరిగాను. నిలబడితే రాయి, కదిలితే దుంకుడు. సారూ, అది మీ బడి పిల్లగాడు గాదు, చెప్తే ఇంటదా అని గండయ్య ఒకటే నవ్వు.

ఫిబ్రవరి 10, ఆదివారం

దొరికింది! ఇంట్లోనే ఉంది. మా బిడ్డ మణి.

కిందటి నెలే నడక నేర్చింది. అడుగులేసిందని అమ్మ వాడంతా అరిసెలు పంచింది. ఇవాళ బెల్లంముక్క చూపించి దోగాడమన్నాను. ఆటనుకుంది. కుడి చెయ్యి, ఎడమ మోకాలు. ఎడమ చెయ్యి, కుడి మోకాలు. ఆగమంటే ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచుతుంది. ఆ కదలికలే దూడ కాళ్లకు పెట్టి సాయంత్రం దాకా గీశాను.

అరిసెలు పంచినంక పిల్లను మల్ల నేలకు దించుతార్రా అంది అమ్మ. చాదస్తం అన్నాను.

ఫిబ్రవరి 17, ఆదివారం

దూడ నడిచింది! కాలు పెట్టినచోట బరువు తెలుస్తోంది. సంబరంగా సుభద్రను పిలిచాను. నా భార్య కాగితాలు చూడలేదు. వాకిట్లో మణి దోగాడుతోంది. బెల్లం లేదు. నేను పిలవనూ లేదు. లేపి నిలబెడితే కాళ్లు ముడుచుకుని కూలబడింది.

ఫిబ్రవరి 19

ఇవాళా లేవలేదు.

ఫిబ్రవరి 21

దవాఖానలో డాక్టర్ మోకాళ్లు తట్టి చూశాడు. కాళ్లు గట్టిగున్నయ్, ఫికర్ చెయ్యకుండ్రి అన్నాడు. బయటికొచ్చాక సుభద్ర, కాళ్లున్నయ్, నడకనే లేదు, ఎవరో తీస్కపోయిన్రు అంది. నా చేతుల వైపు చూసింది. భయం వేసింది.

ఇంటికి రాగానే కాగితాలు పొయ్యిలో వేయబోయాను. అమ్మ చెయ్యి పట్టుకుంది. పిల్ల నడక గా కాగితాలల్లనే ఉన్నది, కాలవెట్టకు కొడుకా అంది. ఈసారి చాదస్తం అనలేకపోయాను.

ఫిబ్రవరి 23

అమరేందర్ బస్సు దిగి నేరుగా ఇంటికే వచ్చాడు. కట్ట విడిచి చూస్తూ ఒక బొమ్మ దగ్గర ఆపాడు. నౌకరీ నీదే, గని గిది దూడ లెక్క లేదు, పిల్ల లెక్కున్నది అన్నాడు. అప్పుడు బల్ల కింద మణి కనబడింది. అతను ఆపిన బొమ్మలో దూడ కుడి కాలు గాలిలో ఉంది. మణి కుడి చెయ్యి కూడా.

కాగితాలు ఇవ్వనన్నాను. ఎందుకని అడక్కుండా చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి 24, ఆదివారం

తీసుకున్నది నేనే, తిరిగి ఇవ్వాల్సిందీ నేనే. ఇవాళ దూడను గీయలేదు, మణిని గీశాను. లేవడం, నిలబడడం, అడుగు వేయడం. కట్ట విడిచాను. వెనక పట్టీల చప్పుడు. లేచింది! నడుస్తోంది! సుభద్ర ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను.

కట్టలో బొమ్మలు అయిపోయాయి. మణి ఒక కాలు ఎత్తి అట్లాగే నిలబడిపోయింది. దించడం లేదు. సుభద్ర కేక పెట్టింది. ఆ కాలు దించే బొమ్మలు గీశాను.

ఫిబ్రవరి 27

బడికి పోలేదు. సుభద్ర వాకిలి అవతల చేతులు చాపి కూర్చుంది. మణి వాకిలి నడుమ ఆగిపోయి అమ్మా అని ఏడుస్తోంది. అడుగులు సగం వాకిలి దాకే గీశాను.