ఎర్గాష్ బాయి ఇంట్లో కొడుకు లేడు

దయామయుడైన దేవుడి పేరుతో మొదలుపెడుతున్నాను. మర్గిలాన్ పట్టణంలో పట్టు మగ్గాలూ నూలు మిల్లూ ఉన్న షావుకారు ఎర్గాష్ బాయి రెండవ భార్యను, దారానికి రంగుకట్లు కట్టిన యూసుఫ్ కూతురిని, జుమ్రద్ అనే నేను ఈ వీలునామా రాస్తున్నాను. ఒంట్లో జ్వరం ఉంది, దగ్గితే రక్తం పడుతోంది. తల మాత్రం తేటగా ఉంది. నాచేత ఎవరూ చెప్పి రాయించడం లేదు. ఆడపిల్లలకు చదువు చెప్పే ఆతిన్ గారి దగ్గర చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు అక్షరాలే నాకు వచ్చు. తప్పులుంటే మన్నించండి.

1. దీన్ని అమలు చేయవలసినవారు మా వీధి మసీదు ఇమాం తాహిర్ గారు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. గోడ అవతలి నుంచి గొంతు మాత్రం తెలుసు. నేను పోయిన తరువాత వచ్చే శుక్రవారం, నమాజు అయ్యాక, వెనక వరుసలో నేతగాళ్ళకు కూడా వినపడేలా దీన్ని చదవాలి.

2. నా వారసులు ముగ్గురు: నా భర్త, నా తల్లి, నా కూతురు నిగార్. నాకు కొడుకు లేడు, పుట్టనూ లేదు. ఇమాంగారు ఈ మాట దగ్గర ఆగిపోతారని తెలుసు. మా ఇంటి కొడుకు ఆయుష్షు కోసం ఆయన ప్రతి శుక్రవారం ప్రార్థన చేస్తున్నారు. నిగార్ పుట్టిన నాడు పొడుగు బూరల వాళ్ళు మా బయటి వాకిట్లో చలిలో కూర్చుని ఉన్నారు. బూర ఊదేది మగపిల్లవాడికే. వాళ్ళలో పెద్దాయన, గొట్టంలో మంచు పేరుకుందేమోనని ఒకసారి ఊది చూశాడు. ఊరు విన్నది. మగ్గాలు ఆగిపోయాయి, నేతగాళ్ళు పరుగున వచ్చి బాయిగారిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. అప్పటికి లోపల ఏ బిడ్డ పుట్టిందో ఆయనకు తెలియదు. లోపలికి వచ్చి చూసి, పక్క మీద ఉన్న నాతో, "వాళ్ళు ఏడుస్తున్నారు జుమ్రద్. సంతోషంతో. కొన్నాళ్ళు పోనీ, తరవాత చెబుదాం" అన్నారు. ఆ కొన్నాళ్ళు ఇంకా అయిపోలేదు. లేని కొడుక్కి మురాద్ అని పేరు పెట్టారు. ఆ పేరుతో అనాథ పిల్లలందరికీ దూది అంగీలు కుట్టించారు, ఆసుపత్రి కట్టించారు.

3. ఇది విని ఎవరూ ఆయన్ని దొంగ అనకూడదని నా కోరిక. ఆయన పట్టుగూళ్ళు ఉడికించే చోట పెరిగిన మనిషి. ఉడుకు నీళ్ళలో చేతులు పెట్టి దారం తీసేవారు. ఇప్పుడు వేళ్ళకు ఉంగరాలున్నా వాటి కింద చర్మం ముడతలే. వాళ్ళమ్మ పోతే చుట్టడానికి కఫన్ గుడ్డ లేక పొరుగువాళ్ళు ఇచ్చారట. అందుకే ఈ ఊళ్ళో ఏ పేద చనిపోయినా మా మిల్లు తెల్లగుడ్డ ముందుగా వాళ్ళ గుమ్మానికి చేరుతుంది. కాలువ మీద వంతెన ఆయనదే. మొదటి భార్య ఖుమ్రి అక్కకు పుట్టిన ముగ్గురు కొడుకులనూ ఆయనే మట్టిలో పెట్టి వచ్చారు. ఊరికి ఇవ్వడం ఆయనకు తెలుసు. ఊరి దగ్గర్నుంచి ఒక సంతోషం వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

4. ఇప్పుడు రాయవలసి ఎందుకు వచ్చిందంటే, పిల్లవాడి సున్తీ విందు ఎప్పుడని ఊరు అడుగుతోంది. ఖుమ్రి అక్క నా పక్క మీద కూర్చుని, "పిలుపులు వెళ్ళాలటే. ఇంతా చేసి ఇక్కడ కోయడానికి ఏముంది, ఖర్బూజా తప్ప" అంది. నేను నవ్వితే దగ్గు వచ్చింది. అప్పుడు తను నవ్వడం ఆపి, తెర వెనక విన్నది చెప్పింది. బాయిగారితో గుమాస్తా సాబిర్ అన్నాడట: "చిన్నమ్మగారు ఎలాగూ ఎన్నాళ్ళో ఉండరు. తల్లికీ కొడుక్కీ ఒకటే జ్వరం అందాం. రెండు పాడెలు లేపుదాం. ఊరు ఏడుస్తుంది, ఊరుకుంటుంది." ఆడపిల్లను కొండల్లో గొర్రెలకాపరి ఇంటికి, ఎవరి బిడ్డో చెప్పకుండా పంపిస్తారట. ఆయనేమన్నారని అడిగాను. "కాదనలేదు. అవుననీ అనలేదు. గడ్డం నిమురుకుంటూ కూర్చున్నాడు" అంది అక్క.

నా పాడె ఒక్కటే లేవాలి. రెండోది లేస్తే అందులో ఏముందో విప్పి చూడమని ఇమాంగారిని వేడుకుంటున్నాను.

5. పెళ్ళిలో భర్త ఇచ్చే మెహర్‌గా నాకు వచ్చిన నాలుగు మగ్గాల ఇల్లు ఖాజీగారి లెక్క ప్రకారం వారసులకు చెందుతుంది. ధర్మశాస్త్రం నా ఇష్టానికి వదిలిన మూడో వంతు హాజర్ ఆతిన్ గారికి. ఆమె దగ్గర చదివే ఆడపిల్లల్లో నిగార్ కూర్చోవాలి. తండ్రి పేరుతో కలిపి పిలవాలి.

6. ఖుమ్రి అక్కకు నా అద్దం. అడగకుండా తీసుకుంటూనే ఉంది కాబట్టి కొత్తగా ఇచ్చేదేమీ లేదు. మొదటి చలికాలం కుంపటి బల్ల దగ్గర నన్ను తలుపు వైపు కూర్చోబెట్టింది, వీపు గడ్డకట్టేది. అది మరిచిపోలేదు. అయినా బిడ్డను పెంచవలసింది ఆమే. నిగార్‌కు చెవిపోటు వస్తే ఎటు పక్కన పడుకోబెట్టాలో ఆమెకే తెలుసు.

7. మా అమ్మకు నా పెళ్ళి అంగీ. చింపకుండా ఉంచుకోవాలి.

8. నా భర్తకు గొర్రె కొవ్వు లేపనం ఉన్న డబ్బీ. పెళ్ళయిన మొదటి ఏడు ఆయన వేళ్ళకు నేనే రాసేదాన్ని. మాట్లాడుకునేవాళ్ళం కాదు. తరవాత బయటి వాకిలి అతిథులతో నిండిపోయింది, భోజనం కూడా అక్కడే. పొద్దుపోయాక ఆయన దగ్గు వినపడేది. నాదీ ఆయనకు వినపడుతూ ఉంటుంది.

9. ఆడవాళ్ళిద్దరి సాక్ష్యానికి ఒక మగవాడు తోడుండాలి. ఆడవాళ్ళుండే ఈ లోపలి వాకిట్లోకి వచ్చి నా బిడ్డను చూడగలిగిన మగవాడు ఒక్కడే. ఆయన ముందు నేను గట్టిగా మాట్లాడి ఎరగను. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. సంతకం పెట్టకపోతే ఇది చెల్లదు, ఆయనకు అది తెలుసు.

పొద్దున ఖుమ్రి అక్క చేత కాగితం బయటి వాకిటికి పంపాను. పొద్దు వాలి మూడో నమాజు దాటాక కాగితం తిరిగి వచ్చింది. ఆయన రాలేదు.

హిజ్రీ 1328, పట్టుపురుగులు మూడో నిద్రకు పడిన వారం, మర్గిలాన్.

సంతకం: జుమ్రద్, యూసుఫ్ కూతురు

సాక్షులు:
హాజర్ ఆతిన్
ఖుమ్రి, వేలిముద్ర
ఎర్గాష్, నిగార్ తండ్రి