మామయ్య బండి, నా చెవులు

జూన్ 4

మామయ్య బండి మళ్ళీ రోడ్డెక్కింది. ఇన్నాళ్ళూ వరండాలో ముక్కలు ముక్కలుగా పడుంది. కొత్త పిస్టన్ వేసి ఇంజన్లో ఒత్తిడి, అదే కంప్రెషన్, పెంచారట. కుర్రాళ్ళ బండిలా లాగుతోందని ఒకటే మురిసిపోతున్నారు. పొద్దున నన్ను క్లినిక్ దగ్గర దింపారు. పళ్ళ డాక్టరు రిసెప్షన్‌లో కూర్చునే కోడలికి ఎంత రాచమర్యాద!

వంతెన ఎక్కేటప్పుడు ఇంజన్లోంచి ఏదో చప్పుడు. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు.

జూన్ 7

రోజూ అదే చప్పుడు. ఎత్తు ఎక్కేటప్పుడే. ఇవాళ చెప్పాను. చప్పుడూ లేదు గిప్పుడూ లేదు, నీ హెల్మెట్ వదులైందేమో చూసుకో అమ్మాయ్, అన్నారు.

జీవితమంతా మెకానిక్ షెడ్డు నడిపిన మనిషి. వీధి చివర బండి వస్తుంటే దాని రోగమేమిటో ఇంట్లోంచే చెప్పేసేవారట. నేనెంత, నా చెవులెంత!

జూన్ 8

ఫోన్ మామయ్య పక్కనే మోగి మోగి ఆగిపోయింది. పేపర్లోంచి తలెత్తలేదు.

జూన్ 9

మా ఆయనకి చెప్పాను. తనకీ కొన్నాళ్ళుగా అనుమానమేనట. నాన్నతో మాత్రం అనకు, ఆ చెవులంటే ఆయనకి ప్రాణం, అన్నాడు.

మరి ఇంజన్? ఆ చప్పుడు నాకింగ్ అని నెట్‌లో చదివాను. పెట్రోలు వేళకి ముందే అంటుకుంటోందన్నమాట. అలాగే తోలితే పిస్టన్‌కి చిల్లు పడొచ్చట. కంప్రెషన్ పెంచాక ఆక్టేన్ ఎక్కువున్న, అంటే తొందరపడి అంటుకోని పెట్రోలు పోయాలి. మామయ్య పాత అలవాటు కొద్దీ ఆక్టేన్ తొంభై ఒకటే పోయిస్తున్నారు. చప్పుడు వినపడుంటే ఆ మాత్రం ఆయనకి తెలీదా?

చెప్తే ఆయన మనసు విరుగుతుంది. చెప్పకపోతే బండి పాడవుతుంది.

జూన్ 11

చెప్పేశాను. నోటితో కాదు. వంతెన మీద చప్పుడు వచ్చినప్పుడల్లా ఆయన భుజం మీద వేలితో తట్టాను. పెళ్ళయి ఏడాది కాలేదు, మామగారి భుజం మీద చెయ్యి వేయడం ఇదే మొదలు.

క్లినిక్ ముందు బండి ఆపి, తాళం తిప్పి ఇంజన్ కట్టేశారు. ఇన్నిసార్లు మోగిందా, అన్నారు. అవును మామయ్యా, అన్నాను. నాకొక్కటీ వినపళ్ళేదే, అన్నారు, చిన్నపిల్లాడిలా.

నాకు ఏడుపొచ్చేసింది. ఆయనే నా హెల్మెట్ పట్టీ విప్పి, వెళ్ళు, ఆలస్యమవుతుంది, అన్నారు.

జూన్ 12

మామయ్య బండి తియ్యలేదు. బస్సులో వెళ్ళాను.

జూన్ 14

పొద్దున్నే మామయ్య తలుపు కొట్టారు. ట్యాంకు ఖాళీ చేశారట. బంకుకి వెళ్దాం, నీ చెవులు తెచ్చుకో, అన్నారు!

తొంభై ఏడు పోయించారు. వంతెన మీద నా వేలికి పనే లేదు. ఇదే బాగుందిగా అన్నాను. అవసరానికి మించి పోస్తే ఇంజన్‌కి ఒరిగేదేం లేదమ్మా, ఒక మెట్టు దిగి చూద్దాం, అన్నారు.

జూన్ 19

తొంభై ఐదు. వంతెన ఎత్తు చివర ఒకే ఒక్కసారి, సన్నగా. ఊరుకుందామనుకున్నాను. మనసొప్పక తట్టాను. బండి దిగువకి వచ్చాక తట్టావంటే దాచేద్దామనే కదూ దొంగా, అని పకపకా నవ్వారు. సాయంత్రం కూర్చుని, నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా పడేలా టైమింగ్ వెనక్కి తిప్పారు.

జూన్ 20

అదే తొంభై ఐదు. ఒక్కసారి కూడా మోగలేదు!

భోజనాల దగ్గర మా ఆయనతో మామయ్యే అన్నారు, నాకు చెవులు తగ్గాయిరా, సోమవారం కోడలు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తోంది, అని. నేనెప్పుడన్నాను! అయినా ఊఁ అన్నాను.

జూన్ 22

వాన. మామయ్య కిటికీ పక్కన నాకో కుర్చీ వేసి, ఇవాళ్టి వాన ఎలా మోగుతోందో చెప్పమన్నారు.