శాక్సోఫోన్ పట్టిన చేతులు

శనివారం రాత్రి.

కళ్లు మండిపోతున్నాయి, అయినా ఇది రాయకుండా పడుకోలేను. ఆస్పత్రి ఎమర్జెన్సీలో నైట్ డ్యూటీ దిగి, కాసేపు నడుం వాల్చి, మధ్యాహ్నం క్లేటన్‌లో మా అమ్మాయి వాళ్ల యూనివర్సిటీ నాటకానికి వెళ్లాను. స్టేజీ అంటూ లేదు. మత్తుకు బానిసలైన జాజ్ వాద్యగాళ్ల కథ అది; ఆ వేషాలు వేసినవాళ్ల మధ్యే మాకూ కుర్చీలు వేశారు. పాట సాగుతుండగా ఒక్కొక్కరే వాయించడం మానేస్తారు. చివరికి మా కావ్య ఒక్కతే మిగిలింది. శాక్సోఫోన్ ఒళ్లో పెట్టుకుని, వణికే చేతులు తొడల కింద దాచుకుని, ఎటో చూస్తూ కూర్చుంది. మత్తుమందు దొరక్క వణికేవాళ్లను ఆస్పత్రిలో రోజూ చూస్తాను. ఇది నటనలా లేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను దాని మోచేతుల మడతల్లో సూది గుర్తులు వెతుకుతున్నాను.

కారెక్కగానే అడిగేశాను.

"ఎక్కడ నేర్చుకున్నావే ఆ వణుకు? నిజం చెప్పు."

"ఓ మై గాడ్, అమ్మా! డ్రగ్సా? నో!" తర్వాత మెల్లగా అంది. "ఇట్స్ యూ. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి ఇంటి ముందు డ్రైవ్‌వేలో కార్లోనే అలా కూర్చుంటావ్ కదా. ఐ వాచ్ ఫ్రమ్ మై విండో."

అక్కడ నన్నెవరూ చూడరనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇంటి ముందు ఇంజను ఆపాను. రోజూలాగే చేతులు వాటంతటవే తొడల కిందికి పోయాయి. కావ్య దిగలేదు. బెల్టు కూడా తీయలేదు.