రూపాయి మునిగింది, డబ్బా తేలింది

ఆదివారం

ఇవాళ నానమ్మను కృష్ణ దాటించాను. అవతలి ఒడ్డు ఊళ్ళో వాళ్ళక్క మంచం పట్టి, చెల్లెల్ని చూడాలని వారం నుంచి ఫోన్లు చేయిస్తోంది.

రేవులో నానమ్మ కృష్ణమ్మకు దండం పెట్టి రూపాయి వేసింది. అది బుడుంగున మునిగింది. పక్కనే బల్లకట్టు మీదకి లారీ ఎక్కుతోంది. నానమ్మ అక్కడే ఆగిపోయింది.

"ఒరేయ్, ఇంత రూపాయే మునిగితే అంత లారీ ఎట్టా తేలుద్ది? నే రాను."

ఏడో తరగతితో బడి మానేసిన నాకు జనం ముందు నోరు పెగలదు. అయినా ఆమె చేతిలోని స్టీలు డబ్బా తీసుకుని, వాళ్ళక్క కోసం చేసిన సున్నుండలు ఆమె కొంగులో పోశాను. ఖాళీ డబ్బాను నీళ్ళ మీద పెడితే తేలింది. అందులో ఇంకో రూపాయి వేశాను. అయినా తేలింది.

"రూపాయి నిండా ఇనుమే నానమ్మా. అంతే సైజు నీళ్ళకన్నా బరువు, అందుకే మునిగింది. డబ్బాలో చానా భాగం గాలే. డబ్బా అంత నీళ్ళకన్నా డబ్బాయే తేలిక. బల్లకట్టు కింద కూడా ఇట్టాంటి పెద్ద డబ్బాలే."

"ఇన్ని మాటలొచ్చా నీకు!" అంటూ ఎక్కింది. నా చొక్కా అంచు మాత్రం వదల్లేదు.

నది మధ్యలో మెల్లగా అడిగింది. "మరి నే పడితే?"

"పడనిస్తానా" అన్నాను.

అక్కడ నానమ్మ సున్నుండ చిదిమి వాళ్ళక్కకు తినిపించింది. ఇద్దరూ ఏడ్చారు, నవ్వారు.

బల్లకట్టు దిగేటప్పుడు పట్టుకున్న నానమ్మ చెయ్యే గుర్తొస్తోంది. ఎప్పుడింత తేలికైపోయిందో...

చొక్కా అంచు ఇంకా నలిగే ఉంది. ఉతుక్కి వేయబుద్ధి కాలేదు.