పిల్లి కింద ఒడి

అమ్మా, నమస్కారం. పిల్లి రక్కిన చెయ్యి మానిపోయింది, బెంగపెట్టుకోకు.

మొన్న ఒక పెద్దావిడ తన ముసలి పిల్లిని మా స్టూడియోకి తెచ్చింది. బల్ల మీద క్షణం నిలవని పిల్లి ఆవిడ ఒళ్ళో మాత్రం మహారాణిలా కూర్చుంది. అలాగే ఫొటో తీసి, కంప్యూటర్లో ఆవిడ ఒడినీ చేతుల్నీ చెరిపేసి, కింద పట్టుదిండు పెట్టి, నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆవిడ చూసి, "బాగుంది నాయనా, కానీ ఇది మా పిల్లి కాదు. మాది దిండెక్కదు" అంది. దిండు తీసేసి ఒడి మళ్ళీ పెట్టాను.

వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? చెల్లి కళ్ళజోడు మార్పించారా?

మన బొచ్చుగాడి ఫొటోలు అందాయి. అన్నిట్లోనూ ఆ పిల్లివెధవే ఉన్నాడు, నువ్వు పక్కకి తప్పుకున్నావు. ఈసారి చెల్లిని తియ్యమని, వాణ్ణి ఎత్తుకుని నిలబడు. "నా మొహం ఎవరిక్కావాల్రా" అంటావు. నాకు కావాలి.

చెల్లికి దీవెనలు.

నీ చిన్నోడు