మొత్తం పోతే ఎంత?

మార్చి 2, ఉదయం

ఇంటి బీమా పదిహేనో తేదీతో ముగుస్తుంది. ఈ ఇంట్లో నోటిమాటకి ఆయుష్షు తక్కువ. నేనలా అనలేదని రేపు ఎవరూ అనకుండా రాసిపెడుతున్నాను.

పాత పాలసీ చదివాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఇల్లు మొత్తం పోతే పద్దెనిమిది లక్షలట. ఆ అంకె ఎక్కడిదిరా అని కొడుకుని అడిగాను. లోన్ అంతే మిగిలింది కదమ్మా, అన్నాడు. అంటే బ్యాంకుకి డబ్బు, మనకి బూడిద. ఇంజనీరింగ్ చదివించింది ఇందుకా?

అశుభం పలక్కమ్మా, మొత్తం ఇల్లు ఎక్కడైనా పోతుందా అన్నాడు. పేరు పెట్టి పిలిస్తే వచ్చే చుట్టం కాదురా నిప్పు, అన్నాను. లేచి స్నానానికి వెళ్ళిపోయాడు.

మార్చి 4

కుట్టుపెట్టెలో టేపు తీసి ఇల్లంతా కొలిచాను. ముప్ఫై నాలుగేళ్ళు బడిలో వైశాల్యాలు చెప్పినదాన్ని. రెండో చివర కోడలు పట్టుకుంది. నాలుగు గంటలు పట్టింది. 1,913 చదరపు అడుగులు.

మార్చి 5

టేపుకి మొదటి అంగుళం తెగిపోయి ఉందని కోడలు మెల్లగా చెప్పింది.

మార్చి 6

కొత్త టేపుతో మళ్ళీ కొలిచాం. 1,850. లేని అరవై మూడు అడుగుల ఇంటిని గాలిలో కట్టేశాను. కోడలు ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్లకి పన్నెండేళ్ళుగా మార్కులు తక్కువ వేస్తున్నానేమో.

మార్చి 7

ఈ ఇల్లు కట్టిన మేస్త్రికి ఫోన్ చేశాను. ఈ రోజు ధరకి అడుగుకి 2,400 అన్నాడు. ఎవరైనా కొంటున్నారా అమ్మగారూ అని ఆరా తీశాడు. లేదు, కాలబెడుతున్నాం అన్నాను. శిథిలాలు ఎత్తించడానికి ఎంత, మళ్ళీ కట్టడానికి ఎన్నాళ్ళు అని కూడా అడిగాను.

కట్టడానికి 44,40,000. శిథిలాలు ఎత్తించడానికి 1,60,000. మొత్తం 46 లక్షలు. కట్టేదాకా అద్దె, పద్నాలుగు నెలలకి 2,52,000, విడిగా.

మార్చి 9, సాయంత్రం

బీమా ఏజెంట్ వచ్చాడు. కుర్రవాడే, మాట మాత్రం వెన్న. స్థలంతో కలిపి మార్కెట్ రేటు వేద్దాం అన్నాడు. నేల కాలదు నాయనా, గోడలకి వెయ్యి అన్నాను. అయితే తరుగు తీసేసిన విలువకి తీసుకోండి, ప్రీమియం ఏడాదికి 3,100 తగ్గుతుంది, ఇల్లు ఇరవై రెండేళ్ళ పాతది కదా అన్నాడు. కాలిపోతే మేస్త్రి ఇరవై రెండేళ్ళ పాత సిమెంటు తెస్తాడా అని అడిగాను. కోడలు నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తింది.

కొడుకు మూడు వేల దగ్గర గింజుకున్నాడు. ఆ తేడా నా పెన్షన్‌లోంచి కడతానన్నాను. సిగ్గుపడి తనే చెక్కు మీద సంతకం పెట్టాడు. కొత్తగా కట్టే ఖర్చు, శిథిలాలు, అద్దె: మూడూ పాలసీలో ఉన్నాయి. ఒక్కో పేజీ చదివాకే ఏజెంట్‌ని కదలనిచ్చాను.

జూన్ 21

ఇల్లు లేదు.

మీటర్ బోర్డులో షార్ట్ సర్క్యూట్. ఆ వేళకి కొడుకూ కోడలూ నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉన్నారు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. పాలసీ, కొలతల కాగితాలు, ఈ డైరీ నా చేతిసంచిలోనే ఉన్నాయి. కుట్టుపెట్టె పోయింది.

జూన్ 24

బీమా కంపెనీ సర్వేయర్ వచ్చాడు. గోడలు పగిలాయి, మొత్తం నష్టమే అని తేల్చాడు. ఏదో పరికరంతో ఎర్ర చుక్క వేసి గోడలు కొలిచాడు. నా కాగితం తీసి ఇచ్చాను. తన అంకె చూశాడు, నా అంకె చూశాడు. 1,850. మేడమ్, మీరు ఏ కంపెనీలో సర్వేయర్‌గా చేశారు అని అడిగాడు. కాలిన గుమ్మం దగ్గర నిలబడి ఇంత సంతోషపడటం తప్పేమో. పడ్డాను.

జూలై 20

నలభై ఆరు లక్షలూ మంజూరయ్యాయి. అద్దె విడిగా. తరుగు తీసేసి ఉంటే ఎంత వచ్చేదమ్మా అని కొడుకు అడిగాడు. ఇరవై ఏడు అన్నాను. అద్దెగదిలో నా మంచం పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. నువ్వు ఒప్పుకోబట్టే కదరా అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. రాసి ఉంచుతున్నాను.

జూలై 21

1. లోన్ ఉంది కాబట్టి బీమా డబ్బు బ్యాంకు చేతికే వెళ్తుంది; కట్టే కొద్దీ విడుదల చేస్తామన్న వాళ్ళ మాట కాగితం మీదికి రావాలి.
2. మేస్త్రి సోమవారం ఏడింటికి రావాలి. ఏడంటే ఏడు.
3. మీటర్ బోర్డు ఇంటి బయట.
4. కొత్త ఇంటి బీమా, తాళం చేతికొచ్చే ముందు రోజు నుంచే మొదలవ్వాలి.
5. అందులో నా పేరు పక్కన కోడలి పేరు.
6. గదులు కొలిచేది ఆమె. రెండో చివర నేను పట్టుకుంటాను.